ఇద్దరు కూర్చునే పలక

ఆదోనిలో నేలపై పరిచే జంఖానా నేసే మగ్గానికి ఇద్దరు మనుషులు కావాలి. జంఖానా వెడల్పు ఒక మనిషి రెండు చేతులూ చాచినా అందనంత ఉంటుంది గనుక, పడుగు మీదుగా అడ్డంగా ఒక పలక వేసి, దానిపై ఇద్దరు పక్కపక్కన కూర్చుని ముందుకు వంగి నేస్తారు. ఎడమవాడు తన సగంలో నూలు కండెను దూర్చి, నడుమకు రాగానే కుడివాని చేతికి అందిస్తాడు. కుడివాడు తన సగం దాటించి, అంచు వద్ద మలిపి, మళ్ళీ నడుమ దాకా తెచ్చి ఇస్తాడు. ఆ పిమ్మట ఇద్దరూ ఇనుప పంజాలతో పేకను కొట్టి బిగిస్తారు. ఒకడు లేచినాడంటే రెండవవాని చేతులు ఊరక ఉండవలసిందే. అంతే కాదు, పలక కింది మొద్దులు రెండూ చివరలకంటె కొంచెం లోపలికి ఉంటాయి. ఒకడు లేచినప్పుడు మిగిలినవాడు నడుమకు జరగకపోతే పలక తిరగబడుతుంది.

ఇదంతా ముందుగా చెప్పడానికి కారణం ఉన్నది. గఫూర్ సాబ్ జీవితంలో సగానికి పైగా ఆ పలక మీదనే గడిచింది. ఆయన పొట్టలోని కష్టం ముదిరిందీ దాని మీదనే, దానికొక దారి దొరికిందీ దాని మీదనే.

నేను ఆదోని ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన కాలమంతా ఆయన ఇంటి పక్క వాటాలో అద్దెకున్నాను. మా వంటింటికీ వాళ్ళ మగ్గపు కొట్టానికీ ఒకటే గోడ. పొద్దున పూట పంజాల చప్పుడు ఆ గోడగుండా వినిపించేది, జంట చప్పుడు. నేను విద్యార్థులకు ఛందస్సు చెప్పేటప్పుడు గురువు లఘువులకు ఉదాహరణగా ఆ చప్పుడునే చెప్పేవాణ్ణి. వాళ్ళకు పద్యం అర్థమయ్యేది కాదు గాని చప్పుడు మాత్రం బాగా అర్థమయ్యేది. జంఖానా అనే మాట పుట్టుక ఏమిటని ఒక విద్యార్థి అడిగితే తెలియదని చెప్పినాను. తెలియని వ్యుత్పత్తిని తెలిసినట్లు చెప్పే అలవాటు మా వృత్తిలో కొందరికి ఉన్నది. ఆ అలవాటు నాకు అంటలేదు.

గఫూర్ సాబ్‌ది ఎడమ తావు. కుడివైపు కూర్చునేవాడు మాదన్న. మాదన్నది హాలహర్వి వైపు పల్లె. వాళ్ళవి కంబళ్ళు నేసే ఇండ్లు. గొర్రెలు తగ్గి ఉన్నికి కరువు వచ్చినప్పుడు ఆదోని చేరి, నూలు పనికి చెయ్యి మార్చుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, నోటిలో ఎప్పుడూ ఒక బీడీతో, ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తూ ఉండే మనిషి. గఫూర్ సాబ్ తక్కువ మాటల మనిషి. ఇద్దరికీ బాగా కుదిరింది.

డెబ్బై మూడులో గఫూర్ సాబ్‌కు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ఆదోనిలో నాటుమందులు, ఇంగ్లీషు మందులు, దర్గా తాయెత్తు అన్నీ అయినాయి. రెండేండ్లలో మనిషి ఎముకల గూడైనాడు. చివరకు మద్రాసు రైలెక్కించి, దక్షిణాన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయినారు. పెద్దపేగు మొత్తం పుండ్లు పడి ఉన్నదని, దానిని మొదలంటా తీసివేసి, కింది దారిని కుట్టి మూసినారు. అటువంటివాళ్ళకు మామూలుగా పేగు కొసను పొట్ట పైకి తెచ్చి బయట ఒక సంచి తగిలిస్తారట. ఆ ఆసుపత్రిలో అప్పుడే విదేశంలో కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చిన డాక్టరొకాయన ఉన్నాడు. ఆయన చిన్నపేగు కొసను మడిచి కుట్టి పొట్ట లోపలనే సంచిగా చేసినాడు. దాని మూతిని లోపలికి మడిచి, తనంతట తెరుచుకోని తలుపుగా కుదిర్చినాడు. బయటకు కనిపించేది పొట్టకు కుడివైపు, తొడ మొదలుకు పైన, చిన్న రంధ్రం మాత్రమే. లోపల నిండినప్పుడు ఒక రబ్బరు గొట్టం ఆ రంధ్రంలో దూర్చి ఖాళీ చేసుకోవాలి. తక్కిన వేళల్లో దానిమీద ఒక గుడ్డముక్క ఉంటే చాలు.

తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు నన్ను లోపలికి పిలిచి చొక్కా ఎత్తి చూపించినాడు.

"అయ్యవారూ, నా పొట్టకు జేబు కుట్టినారు. బొత్తాము లేదు, అయినా రాలిపోదు."

"నొప్పి ఉన్నదా?"

"నొప్పి గిప్పి లేదు. వేరుశెనగ బుడ్డలు తినొద్దన్నారు, గొట్టానికి అడ్డం పడతాయంట. ఆదోనిలో ఉండి బుడ్డలు తినొద్దంటే ఎట్ల?"

ఆయన భార్య హజరా బీ ఆ గొట్టాన్ని ప్రత్యేకమైన గిన్నెలో కాచి, ఉతికిన గుడ్డలో చుట్టి ఉంచేది. గఫూర్ సాబ్ మళ్ళీ పలక ఎక్కినాడు. ముందుకు వంగినా, పంజా ఎత్తి కొట్టినా లోపలిది లోపలనే ఉండేది. వాసన లేదు, చప్పుడు లేదు. మసీదులో వరసలో భుజానికి భుజం కలిపి నిలబడేవాడు. తెలియనివాళ్ళకు తెలియనే తెలియదు. ఆయన జీవితంలో గర్వపడగా నేను చూసింది ఆ నాలుగైదేండ్లే.

అయితే గొట్టం వేసుకోవడానికి మూడు నాలుగు గంటలకొకసారి లేవాలి. లేస్తే మాదన్న చేతులు ఊరక ఉంటాయి. "నాకు లేవాలనుంది" అని చెప్పడం గఫూర్ సాబ్‌కు చేతకాలేదు. అందుకని మాదన్న బీడీకి లేచినప్పుడల్లా తానూ లేచి వెనక గదిలోకి పోయేవాడు. మాదన్న గడప మీద కూర్చుని బీడీ తాగి వచ్చేసరికి ఈయన పని అయిపోయేది. దీనిని గురించి ఇద్దరూ ఒక్క మాటయినా మాట్లాడుకోలేదు. మాదన్న బీడీయే ఆ ఇంటి గడియారం.

నేను ఎనభైలో ఉద్యోగ విరమణ చేసి మా సొంత ఊరైన ఎమ్మిగనూరుకు వచ్చేసినాను. ఇక్కడ వీధివీధినా మగ్గాలే గాని అవి ఒక మనిషి గుంటలో కూర్చుని నేసే చీరల మగ్గాలు. ఒంటి చప్పుడుకు నా చెవులు అలవాటు పడడానికి చాలాకాలం పట్టింది. అదే సంవత్సరం శ్రావణంలో, మాదన్నకు దగ్గు ఎక్కువైందని, వాళ్ళావిడ దేవమ్మ ఆయనను ఉరుకుంద ఈరన్న దేవుని దగ్గరికి తీసుకొనిపోయి, మొక్కించి బీడీ మాన్పించిందని విన్నాను. అప్పుడు సంతోషించినాను.

మరుసటి శ్రావణంలో గఫూర్ సాబ్, హజరా బీ మా ఇంటికి వచ్చినారు. ఆయన గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"కూర్చో గఫూర్ సాబ్."

"ఉండనీ అయ్యవారూ."

"ఆదోని కాణ్ణుంచి ఈడి దాకా నిలబడే వచ్చినాడు సార్," అన్నది హజరా బీ. "బస్సు నిండా ఉరుకుంద జనం. ఒకామె పాపను ఒళ్ళో ఎత్తుకొని జరిగి 'కూసో సాబూ' అంటే ఈయన వద్దనె. ఆడోళ్ళ పక్కన కూసునేదానికి సాబుకు సిగ్గని అందరూ ఒకటే నవ్వు."

"నవ్వనీలే. కూసుంటే పొట్ట ముడతపడుతుంది, ముడతపడితే కారుతుంది. ఆ పాపమీద కారితే నవ్వుతారా?"

అప్పటికి ఆరునెలలుగా గొట్టం సులభంగా దిగడం లేదట. ఒకసారి దిగుతుంది, ఒకసారి అడ్డంపడి వంగిపోతుంది. దిగనప్పుడు లోపల బిగుసుకుని చెమటలు పోస్తాయి. మరొకప్పుడు గొట్టం లేకుండానే ఊరుతుంది. మసీదుకు పోవడం మానుకున్నాడు. నమాజు చేయించే పేష్ ఇమాం ఇంటికి వచ్చి, ఇటువంటి జబ్బుమనిషికి మినహాయింపు ఉన్నదనీ, ప్రతి నమాజు వేళకు కాళ్ళూచేతులూ కడిగి వజూ చేసుకొని వస్తే చాలుననీ చెప్పినాడట. "అల్లా ఒప్పుకుంటాడు, సరే. పక్కన నిలబడినోడు ఒప్పుకోవల్ల గదా," అని గఫూర్ సాబ్ పోలేదు.

నన్ను ఆసుపత్రికి తోడు రమ్మని అడగడానికి వచ్చినారు. అక్కడి డాక్టర్లు మాట్లాడేది ఇంగ్లీషు, అరవం. మొదటిసారి చెప్పినదానిలో సగం ఎవరికీ అర్థం కాలేదట.

ఆదోని స్టేషనులో రైలెక్కినాము. ఆ ప్రయాణంలో కూడ ఆయన చాలాదూరం తలుపు దగ్గరనే నిలబడినాడు. పాత డాక్టరు వెళ్ళిపోయినాడు. ఇప్పుడున్నవాడు యువకుడు, ఓపికమంతుడు. ఒక కాగితం మీద పొట్ట బొమ్మ గీసి వివరించినాడు. నేను ఒక్కొక్క వాక్యాన్నే తెలుగు చేసినాను. 'వాల్వు' అన్నదానికి 'కవాటము' అన్నాను. గఫూర్ సాబ్ నా వంక చూసినాడు. 'తలుపు' అన్నాను. అప్పుడు తల ఊపినాడు. నలభై ఏండ్లు మంచి మాటల కోసం వెదికినవాణ్ణి. ఆనాడు మామూలు మాట నోటికి రావడానికి అంత తడవు ఎందుకు పట్టిందో నాకు తెలియదు.

డాక్టరు చెప్పిన సంగతి ఇది. లోపలికి మడిచిన మూతి జారి, విప్పుకుంటున్నది. అందుకనే గొట్టానికి దారి వంకరైంది, అందుకనే కారుతున్నది. మళ్ళీ పొట్ట తెరిచి, మూతిని తిరిగి మడిచి, ఈసారి లోహపు కుట్లతో బిగించవచ్చు. నిలబడితే మునుపటి సుఖమే. కాని మళ్ళీ జారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. జారితే మూడవసారి కోయాలి, ఉన్న పేగులో మరికొంత పోతుంది. ఈ బక్క శరీరం దానిని తట్టుకుంటుందో లేదో. రెండవ దారి, లోపలి సంచిని తీసివేసి, పేగు కొసను బయటకు తెచ్చి, పొట్టకు అంటించుకునే సంచి పెట్టుకోవడం. అది నమ్మకమైనది, అయితే జీవితమంతా ఆ సంచి బయట ఉంటుంది. ఏదీ వద్దనుకుంటే గొట్టాన్ని లోపలనే ఉంచి సీసాకు కట్టుకొని కొన్నాళ్ళు నెట్టవచ్చు. అది దారి కాదు, వాయిదా.

"బొంబాయిలో కొత్తగా ఇంకొక ఆపరేషను వచ్చిందంటాండారు. మామూలుగానే దొడ్డికి పోవచ్చంట," అన్నాడు గఫూర్ సాబ్.

డాక్టరు తల అడ్డంగా ఊపినాడు. అది కింది దారి మిగిలి ఉన్నవాళ్ళకు.

"నాది ముందే మూసేసినారు," అన్నాడు గఫూర్ సాబ్, తలుపు వేసిన దుకాణం ముందర నిలబడినవాని మాదిరి.

డాక్టరు ఇంకొక ప్రశ్న అడిగినాడు. పగటి పూట ఎంతసేపటికొకసారి ఖాళీ చేసుకుంటున్నారు?

గఫూర్ సాబ్ ఆలోచించి చెప్పినాడు. "పనిలో ఉన్నప్పుడు, మాదన్న బీడీకి లేసినప్పుడు. ముందు బాగా లేసేవాడు. ఇప్పుడు మానేసినాడు. అందుకని తిండికి లేసినప్పుడు ఒకసారి, పని ముగిసినాక ఒకసారి."

దీనిని నేను ఇంగ్లీషు చేసినాను. డాక్టరు కలం ఆపి, "ఈయన బీడీ మానేసినాడా?" అన్నాడు. ఈయన కాదు, ఇంకొకాయన అన్నాను. ఆ ఇంకొకాయనకు ఈ పొట్టతో ఏమి సంబంధమని అడిగినాడు. పలక సంగతి, కండె సంగతి, ఒకడు లేస్తే రెండవవాడు ఊరక ఉండవలసిన సంగతి చెప్పుకుంటూ వచ్చేసరికి ఆయన నవ్వినాడు. మరుక్షణం నవ్వు ఆపి, "సంచిని పట్టి ఉంచినకొద్దీ ఒత్తిడి మూతి మీద పడుతుంది. దానివల్లనే జారిందని చెప్పలేను. జాగ్రత్తగా ఉన్నవాళ్ళకూ జారుతుంది. కాని అది మేలు చేసి ఉండదు," అన్నాడు.

బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడినాము. హజరా బీ కొంగుతో ముఖం తుడుచుకున్నది. గఫూర్ సాబ్ నన్ను చూసి, "ఈ బీడీ మాట మాదన్న చెవిలో పడగూడదు అయ్యవారూ," అన్నాడు. "దేవుని కాడ మాట ఇచ్చి మానినోడు. వాని దగ్గు తగ్గింది. వాని తప్పు ఏముండాది?"

ఆలోచించుకుని రమ్మని, అప్పటిదాకా గొట్టం లోపలనే ఉంచి, సీసా కట్టి పంపినారు. తిరుగు రైలులో ఆయన మరమ్మతే చేయించుకుంటానన్నాడు. మళ్ళీ జారితే, అని అడిగినాను. ఆయన సీసా మీద తుండుగుడ్డ కప్పినాడు.

"బయట సంచి పెట్టుకుంటే అది నా కుడిపక్క ఉంటాది. నా కుడిపక్క ఎవరుండారు? మాదన్న. ఇన్నేండ్లు నా భుజానికి ఆనుకొని కూసున్నోడు. కండె ఇచ్చినప్పుడల్లా వాని మోచెయ్యి నా పొట్ట మీదికి వస్తాది. వాని మోచేతి కింద నా పెంటసంచి ఉండాల్నా?"

"ఆయన ఏమీ అనుకోడు."

"అనుకోడు. అదే నాకు కష్టం."

హజరా బీ అంతవరకు నిద్రపోతున్నదనుకున్నాము. కండ్లు తెరవకుండానే, "సచ్చిపోతే పక్కన ఎవరూ ఉండరు, అప్పుడు సుఖంగా నేసుకో," అన్నది.

కొన్నాళ్ళకు మాదన్న ఎమ్మిగనూరుకు నూలు కోసం వచ్చి, మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చినాడు. మా ఆవిడ బొరుగుల ఉగ్గాణి పెట్టింది. పళ్ళెం ముందర పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"మగ్గం యాడిది యాడనే ఉండాది సారూ. నేను దినామూ పోయి పలక నడుమ కూసుంటాండా. ఒక్కణ్ణే యేం నేసేది? నన్ను సూసి ఈగలు గూడా నవ్వుతాండాయి. డాక్టరు ఏమన్నాడు?"

దారులు చెప్పినాను. బీడీ మాట చెప్పలేదు.

"అన్న ఏది అంటాండాడు?"

"మరమ్మతు."

"మళ్ళీ జారితే?"

జారవచ్చునని చెప్పినాను. బయటి సంచి ఎందుకు వద్దంటున్నాడని అడిగినాడు. అది మాత్రం దాచమని గఫూర్ సాబ్ నాతో అనలేదు, చెప్పినాను. మాదన్న ముఖం ఎర్రబడింది.

"నేను గొర్రెలదొడ్లో పుట్టినోణ్ణి సారూ. ఉన్ని ఉతికే నీళ్ళ కంపు పీల్చుకుంటా పెరిగినోణ్ణి. నా ముక్కుకు భయపడి పొట్ట కోయించుకుంటాడా ఈ మనిషి?"

పళ్ళేన్ని కొంచెం ముందుకు నెట్టినాడు. తరువాత గొంతు తగ్గించినాడు.

"ఒక మాట అడుగుతా. నేను బీడీ మానినాక అన్న లేసేది తగ్గె. నేను సూసినా. పొట్ట పట్టుకొని నేసేవాడు. 'పోయి రాపో అన్నా' అని అందామనుకుంటి. అంటే సిగ్గుపడి సస్తాడని గమ్మునుంటి. దానివల్ల అయిందా ఇది?"

గఫూర్ సాబ్‌కు ఇచ్చిన మాట గుర్తుకు వచ్చి నేను పళ్ళెం వైపు చూసినాను. మాదన్న లేచినాడు. ఉగ్గాణి చల్లారిపోయింది. నూలు మూట భుజానికెత్తుకుని, "వచ్చే ఆదివారం ఆదోనికి రా సారూ. నువ్వు పక్కన ఉంటే అన్న నా మీద పంజా ఇసరడు," అని పోయినాడు.

ఆదివారం నేను పోయేసరికి మాదన్న పలక ఎక్కి కూర్చుని ఉన్నాడు. అయితే కుడివైపు కాదు, ఎడమవైపు చివర. గఫూర్ సాబ్ సీసా చేతిలో పట్టుకుని నిలబడినాడు. పలక ఎడమకు వాలుతుంటే మాదన్న కాళ్ళు నేలకు తన్ని ఆపుకుంటున్నాడు.

"లెయ్ మాదా. అది నా తావు."

"నీ తావు ఆ పక్క. నీ పొట్టకు బొక్క ఏ పక్క ఉండాది? కుడిపక్క. నువ్వు కుడికి కూసుంటే అది గోడవైపు పోతాది. నా మోచెయ్యి తగలదు, నీ మానం పోదు. సంచి పెట్టించుకొని రా."

"ఇన్నేండ్ల చెయ్యి మారుతాదా?"

"మారకుంటే వంకర వస్తాది. వంకర జంఖానా మీద కూసున్నోళ్ళు జారి కిందపడతారా?"

"ఎడమ అంచు నాది. నీ చేతికి రాదు."

"నా చేతికి రాలేదని నీ పొట్ట మూడుసార్లు కోస్తారా? ఉన్ని పోయి నూలుకు మార్చుకుంటి ఈ చేతిని. ఇంకొకసారి మార్చుకుంటా. తొందరగా కూసో అన్నా, కాళ్ళు పీకుతాండాయి. పడితే నేనూ పోయి పొట్ట కుట్టించుకోవల్ల."

గఫూర్ సాబ్ పలక చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చినాడు. సీసాను జాగ్రత్తగా గోడవైపు పెట్టి, కుడి చివర కూర్చున్నాడు. పలక సమమైంది. మాదన్న కండెను తన సగం దూర్చి నడుమకు తెచ్చినాడు. అలవాటు చొప్పున గఫూర్ సాబ్ కూడ కుడిచెయ్యే చాచినాడు. రెండు చేతులు కొట్టుకుని కండె పడుగు మీద పడి దొర్లింది. మళ్ళీ ప్రయత్నించినారు. ఈసారి ఇద్దరూ ఒక్కసారే వెనక్కు తీసుకున్నారు. గడపలో నిలబడిన హజరా బీ, "కొత్త పెండ్లికొడుకుకూ పెండ్లికూతురుకూ దండలు మార్చేది రానట్ల ఉండాది," అన్నది. మాదన్న, "నీకు సవతి వచ్చె వదినా, సూసుకో," అన్నాడు. గఫూర్ సాబ్ నవ్వినాడు. నవ్వితే పొట్ట నొచ్చి, మగ్గం అడ్డకర్రను రెండు చేతులతో పట్టుకుని కాసేపు వంగి కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "అయ్యవారూ, డాక్టరుకు సంచి అని జాబు రాయండి," అన్నాడు.

ఎనభై రెండు వేసవికి ముందే ఆపరేషను అయింది. అంతా సుఖమైందని రాయాలని ఉన్నది గాని రాయలేను. అంటించే సంచులు ఆదోనిలో దొరికేవి కావు. మద్రాసునుంచి పార్సెలు రావాలి, వచ్చేది ఆలస్యంగా. అవి అయిపోయినప్పుడు హజరా బీ రబ్బరు గుడ్డతో కుట్టి, నడుముకు పట్టీ కట్టేది. ఎండాకాలంలో చెమటకు బంక వదిలి, చర్మం ఒరిసి ఎర్రని పుండయ్యేది. పొట్ట మీద తడి తగలడంతో నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. "జేబే బాగుండె," అని ఒక్కొక్కసారి అనేవాడు. అది మంచి నిర్ణయమా అని నన్ను నేను చాలామార్లు అడిగి చూసుకున్నాను. మరమ్మతు నిలిచేదేమో. నిలిచేది కాదేమో. ఎంచుకోని దారి ఎప్పుడూ చదునుగానే కనిపిస్తుంది. ఆయన మాత్రం మరమ్మతు మాట ఎత్తేవాడు కాదు. ఎత్తే ఓపిక లేకపోయింది.

చేతులు మారిన తర్వాత నేసిన మొదటి జంఖానా ఎడమ అంచు పాము పోయినట్లు వచ్చింది. జానెడు విప్పి మళ్ళీ నేసినారు. మళ్ళీ అట్లనే వచ్చింది. కొట్టువాడు తీసుకోనన్నాడు. అది గఫూర్ సాబ్ ఇంటిలోనే మిగిలిపోయింది. ఎవరైనా వస్తే హజరా బీ వంకర అంచు గోడవైపుకు తిప్పి పరిచేది. మసీదునుంచి పేష్ ఇమాం వచ్చినప్పుడు, గఫూర్ సాబ్ దాని మీద ఆయన పక్కనే, కొంచెం ఎడంగా, కూర్చోవడం చూసినాను. తరువాత మసీదుకు పోవడం కూడ మొదలుపెట్టినాడు, వెనక వరసలో, కుడి చివర.

అంచు సరిగా రావడానికి సంవత్సరం పైన పట్టింది. అప్పటికి ఊళ్ళో ప్లాస్టికు చాపలు వచ్చి, పెండ్లిండ్లకు జంఖానాలు అడిగేవాళ్ళు తగ్గినారు.

ఎనభై ఏడులో ఒకసారి పని మీద ఆదోనికి పోయి, కొట్టంలోకి తొంగి చూసినాను. ఇద్దరూ పలక మీద ఉన్నారు. పంజాల చప్పుడు మునుపటికంటె నిదానం. నేను గోడ దగ్గర కూర్చున్నాను. కొంతసేపటికి మాదన్న కండె గఫూర్ సాబ్ చేతికిచ్చి లేచినాడు.

"ఎందుకు లేస్తావు?" అన్నాడు గఫూర్ సాబ్. "నాకిప్పుడు పని లేదు. ఈ సంచి తనంతట తనే నిండుతాది, ఎవరినీ అడగదు."

"నీకోసం ఎవరు లేసిరి? కాళ్ళు పట్టినాయి."

"ఎప్పుడూ ఈ పొద్దుకే పడతాయి నీ కాళ్ళు."

"అది కాళ్ళనే అడుగు అన్నా."

మాదన్న గడప మీద కూర్చున్నాడు. బీడీ లేదు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊరకే వీధిని చూస్తున్నాడు. గఫూర్ సాబ్ ఒక చేత్తో నడుము పట్టీని సరిచేసుకుని, రెండవ చేతిలో కండెను పట్టుకుని, పలక తిరగబడకుండా మెల్లగా నడుమకు జరిగి కూర్చున్నాడు.